టైరు అరుగుదల, రోడ్డు పట్టు: మీ ప్రశ్నలకు మా జవాబులు

వానలు మొదలయ్యాక బండి టైర్ల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. విశాఖపట్నం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: నాదీ, మా స్నేహితుడిదీ ఒకే 150 సీసీ బండి. ఇద్దరికీ వెనక ఒకే కంపెనీ, ఒకే మోడల్ టైరు. నాది 14 వేల కిలోమీటర్లకే గుండయింది. వాడిది 22 వేలు దాటినా ఇంకా బటన్లు (టైరు పైని రబ్బరు ముద్దలు) కనిపిస్తున్నాయి. నేను రోజూ మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని వెళ్తాను. టైరు మెత్తగా అనిపించినప్పుడల్లా గాలి కొట్టిస్తూనే ఉన్నాను. నాకు నాసిరకం టైరు అంటగట్టారా?
— గాజువాక

జవాబు: టైరును అనుమానించే ముందు మీరు రాసిన రెండు సంగతులే చూద్దాం. మొదటిది, వెనక మనిషి. రెండోది, మెత్తగా అనిపించినప్పుడు గాలి కొట్టించడం. అసలు నష్టం ఈ రెండోదాంట్లోనే ఉంది.

ఈ తరగతి బండ్లలో చాలావాటికి వెనక టైరులో ఒక్కరే వెళ్తే 28, ఇద్దరు వెళ్తే 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చెబుతారు. మీ బండికి ఎంతో చైన్ కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి) మీదో ఉన్న స్టిక్కరు చూడండి, దాన్నే పాటించండి. మోటార్‌సైకిల్ టైరు పక్క గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి గాలి తగ్గినా వెంటనే కంటికి కనబడదు. చూడగానే మెత్తగా తెలిసేసరికి అది 20 దరిదాపులకు దిగిపోయి ఉంటుంది. అంటే ఇద్దరి బరువుతో, కావలసిన దానికంటే 10, 12 పీఎస్ఐ తక్కువతో, మీ బండి కొన్ని వారాలు తిరిగిందన్నమాట. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువగా నలుగుతుంది. నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు త్వరగా అరుగుతుంది.

గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, బండి తీయక ముందు. టైరు 6, 7 డిగ్రీలు వేడెక్కితే లోపల సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద అరగంట నడిపి బంకులో కొలిస్తే 4, 5 పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలే. అది చూసి గాలి తీయించారా, మర్నాడు పొద్దుటికి తక్కువ గాలితో బయల్దేరుతారు. బంకు మీటర్లు అన్నీ ఒకేలా చూపించవు కూడా. జేబులో పట్టే గేజ్ ఒకటి కొనుక్కుని, పదిహేను రోజులకోసారి ఇంటి దగ్గరే చూసుకోవడం మంచిది.

తర్వాత బ్రేకు. సిగ్నల్ దగ్గర వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కే అలవాటుంటే చక్రం లాకయి, అదే చోట రబ్బరు గీసుకుపోతుంది. పెద్ద లారీలు తిరిగే గాజువాక, పోర్టు రోడ్లలో పైతారు కొట్టుకుపోయి కంకర మొనలు తేలిన చోట్లు ఎక్కువ. అలాంటి రోడ్డు నున్నటి రోడ్డు కంటే రబ్బరును ఎక్కువ తింటుంది. మీ స్నేహితుడు రోజూ ఏ దారిన తిరుగుతారో కూడా అడగండి.

ఇక ఇద్దరి టైర్లనూ నిజంగా పోల్చాలంటే కిలోమీటర్లు ఒక్కటే చాలవు, బటన్ల మధ్య గాడి లోతు కొలవాలి. లోతు కొలిచే చిన్న గేజ్ దొరక్కపోతే వెర్నియర్ కాలిపర్ చివర బయటికొచ్చే సన్న కడ్డీతోనూ కొలవచ్చు. టైరు మధ్య గాడిలో ఒకసారి, మధ్య నుంచి రెండు వేళ్ల దూరంలో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూడండి. చక్రం తిప్పి ఇంకో రెండు చోట్ల ఇలాగే కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కకు తీసుకోవాలి.

ఉదాహరణకు కొత్తప్పుడు మధ్యలో 7 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 6,000 కి.మీ. తిరిగాక 4.9 వచ్చింది. అంటే 2.1 మి.మీ. అరిగింది. మిల్లీమీటరుకు సుమారు 2,850 కి.మీ. వచ్చినట్టు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు పక్కన టీడబ్ల్యూఐ అనే అక్షరాలో చిన్న త్రికోణమో ఉన్న చోటికి ఎదురుగా చూస్తే దొరుకుతాయి. మోటార్‌సైకిల్ టైర్లలో వాటి ఎత్తు సాధారణంగా 0.8 మి.మీ. రబ్బరు ఆ దిమ్మె మట్టానికి అరిగితే టైరు మార్చేయాల్సిందే. కాబట్టి మిగిలింది 4.1 మి.మీ., అంటే దాదాపు 11,700 కి.మీ. కొత్త బటన్లు ఎత్తుగా ఉండి ఎక్కువ కదులుతాయి కాబట్టి మొదటి మిల్లీమీటరు కాస్త త్వరగానే పోతుంది. మొదటి 1,000 కి.మీ. చూసి టైరు మంచి చెడ్డలు తేల్చకండి.

ఇద్దరూ ఇలా కొలిచి, ఒకే గాలితో రెండు నెలలు నడపండి. అప్పటికీ తేడా ఇంతే ఉంటే టైరును అనుమానించడంలో న్యాయముంది.

ప్రశ్న: రోజూ భీమిలి నుంచి జగదాంబ దాకా బీచ్ రోడ్డు మీద వస్తాను. నెలకోసారి అరకు వెళ్తాం. షాపులో ఒక టైరు ఎక్కువ దూరం వస్తుందన్నారు, ఇంకోటి మెత్తటి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం), గ్రిప్పు బావుంటుందన్నారు. ఏది వేయించమంటారు?
— భీమునిపట్నం

జవాబు: రెండు చక్రాలకూ ఒకే జవాబు అక్కర్లేదు. ముందు చక్రానికి గ్రిప్పున్నది, వెనక చక్రానికి మధ్యరకం వేయించండి.

రోడ్డు మీద కంకర మొనలు పైకి పొడుచుకుని ఉంటాయి. రబ్బరు వాటి మధ్యలోకి ఒదిగినప్పుడే పట్టు దొరుకుతుంది. మెత్తటి రబ్బరు బాగా ఒదుగుతుంది, అందుకే బాగా పట్టుకుంటుంది, అందుకే త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరుది దీనికి తిరుగు లెక్క. రబ్బరులో మామూలుగా కలిపే కార్బన్ బ్లాక్ అనే నల్లటి పొడితో పాటు సిలికా కలిపిన టైర్లలో తడి రోడ్డు మీద పట్టు మెరుగ్గా ఉంటుంది, అరుగుదల మరీ పెరగదు, కాకపోతే ధర ఎక్కువ. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పోసిన టైర్లు కూడా వస్తున్నాయి. తిన్నటి రోడ్డు మీద ఎక్కువ తిరిగి, నెలకోసారి ఘాట్ ఎక్కే మీలాంటివారికి వెనక చక్రానికి అవి బాగా సరిపోతాయి. మీ సైజులో ఉందేమో అడగండి.

ముందుదానికి గ్రిప్పు ఎందుకంటే, బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది. వెనక చక్రం కొద్దిగా జారితే బండిని సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. పైగా ఇంజను తిప్పేది వెనక చక్రాన్ని, ఎక్కువ బరువు మోసేదీ అదే. అందుకని వెనక రెండు టైర్లు మార్చే లోపు ముందు ఒక్కటే మార్చే బండ్లు చాలా ఉన్నాయి. నెమ్మదిగా అరిగే చోట నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడమే లాభం.

సైజులో ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వేసిన టైరు. యమహా ఎఫ్‌జెడ్, ఆర్15 లాంటి వాటికి కంపెనీయే ముందు మామూలు నైలాన్ టైరు (దారాలు ఏటవాలుగా వేసినది), వెనక రేడియల్ ఇస్తుంది. అది పరీక్షించి ఇచ్చిన జత. మీరుగా దాన్ని తలకిందులు చేసి ముందు రేడియల్, వెనక నైలాన్ వేయించకండి.

అరకు దారిలో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, చలికాలం పొద్దున్నే చెట్ల నీడలో రోడ్డు తడిసి ఉంటుంది, టైరూ చల్లగా ఉంటుంది. ఎంత మంచి రబ్బరైనా చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ. మొదటి పది పదిహేను నిమిషాలు మలుపుల్లో బండిని ఎక్కువ వంచకండి. రుషికొండ మలుపుల్లో రోడ్డెక్కిన ఇసుకకు మాత్రం ఏ కాంపౌండూ పనికిరాదు, ఎందుకంటే అక్కడ రబ్బరుకు రోడ్డు తగలనే తగలదు. నిటారుగా, బ్రేకు వదిలేసి దాటడమే.

ప్రశ్న: నా బండి ఏడేళ్లలో 9 వేల కి.మీ. మాత్రమే తిరిగింది. టైర్లలో సగానికి పైగా గాడి ఉంది. అయినా వాన పడితే వెనక చక్రం జారుతోంది. మెకానిక్ మార్చమంటాడు, నాకు మనసొప్పడం లేదు.
— ఎం.వి.పి. కాలనీ

జవాబు: మెకానిక్ మాట వినండి. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ఎండకూ, గాలిలోని ఓజోన్‌కూ ముదురుతుంది. సొరుగులో ఏళ్లుగా పడున్న రబ్బరు బ్యాండు లాగగానే పుటుక్కున తెగినట్టే ఇదీనూ. గాడి లోతు నీళ్లను పక్కకు నెడుతుంది, నిజమే. కానీ నీళ్లు పోయాక రోడ్డును పట్టుకోవాల్సింది రబ్బరే. అది ముదిరిపోయాక ఎంత గాడి ఉంటే ఏం లాభం?

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి విప్పించి లోపలా బయటా చూపించాలి. పదేళ్లు నిండితే చూడ్డానికి కొత్తగా ఉన్నా తీసేయాలి. మీది ఏడేళ్లదే, కానీ జారుతోందని మీరే అంటున్నారు. బటన్ల మొదళ్లలోనూ, పక్క గోడ మీదా సన్నటి పగుళ్లు ఉన్నాయేమో పగటి వెలుతురులో చూడండి. ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు కూడా ఆ నాలుగు అంకెలు చూసే డబ్బు ఇవ్వండి. ఆరు నెలల లోపుదైతే చాలా మంచిది. రెండేళ్లుగా షాపులో వేలాడుతున్నదాన్ని పూర్తి ధరకు తీసుకోకండి.

ప్రశ్న: మొన్న తొలి వానకి ఎన్.ఏ.డి. ఫ్లైఓవర్ మీద ఇనుప జాయింటు దాటుతూ బ్రేకు వేస్తే ముందు చక్రం జర్రున జారింది. టైరు వేసి మూడు నెలలే అయింది. టైరు లోపమా?
— గోపాలపట్నం

జవాబు: కాదు. తడిసిన ఇనుము మీద, రోడ్డు మీది తెల్ల పెయింటు చారల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద కొత్త టైరుకీ పట్టు ఉండదు. దానికి తోడు అది తొలి వాన. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, డీజిలు, దుమ్ము మొదటి జల్లుకు పైకి తేలి పలచటి జిడ్డు పొర కడతాయి. బాగా కురిసి కొట్టుకుపోయేదాకా, రమారమి అరగంట వరకూ, అదే అన్నిటికంటే జారుడు సమయం.

లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 60 కి.మీ. వేగంలో మంచి పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక బండి ఆగడానికి 18 మీటర్ల దాకా పడుతుంది. తడి రోడ్డు మీద పట్టు కొలత (ఘర్షణ గుణకం) 0.8 నుంచి 0.5కి పడిపోతే అదే దూరం 28 మీటర్లు. మనం బ్రేకు వేయాలనుకుని చేయి ఆడేలోపు పోయే దూరం దీనికి అదనం. ఇనుప జాయింటు రాకముందే వేగం తగ్గించుకుని, దాని మీద బ్రేకు గానీ ఎక్సలేటరు గానీ కదపకుండా నిటారుగా దాటండి.

ప్రశ్న: అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్. మేకు ఎక్కడా లేదు. కానీ వారానికి 5, 6 పీఎస్ఐ దిగిపోతోంది. మూడు షాపుల్లో నీళ్లలో ముంచి చూసి ఏమీ లేదన్నారు.
— సాగర్ నగర్

జవాబు: సముద్రం ఒడ్డున ఉండేవారి నుంచి ఈ ఉత్తరం తరచూ వస్తుంది. ఉప్పుగాలికి అల్లాయ్ రిమ్ మీద పెయింటు లేచి, టైరు అంచు కూర్చునే చోట తెల్లటి పొడి కడుతుంది. ఆ గరుకు సందుల్లోంచి గాలి బహు నెమ్మదిగా పోతుంది. బుడగ కూడా ఆలస్యంగా వస్తుంది కాబట్టి రెండు నిమిషాలు ముంచి చూస్తే కనబడదు. టైరులో 35 పీఎస్ఐ దాకా గాలి నింపి, చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్‌కూ టైరుకూ మధ్య చుట్టూ చిక్కటి సబ్బు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. సన్నటి నురుగు తేలిన చోటే లోపం. వాల్వు మొదట్లోనూ, వాల్వు పిన్ను మీదా కూడా పోసి చూడండి.

లోపం రిమ్‌దే అయితే టైరు విప్పించి, అంచు కూర్చునే చోటు 400 నంబరు ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దించి, గుడ్డతో తుడిచి, బీడ్ సీలర్ (టైరు అంచు దగ్గరి సందులు మూసే జిగురు) పల్చగా రాయించి మళ్లీ ఎక్కించాలి. రబ్బరు వాల్వును అప్పుడే మార్పించేయండి, ఖర్చు తక్కువ. లోపల పోసే సీలెంటు ద్రవంతో సరిపెట్టుకుందామని చూడకండి. తుప్పు కింద నుంచి పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ముందు టైరు మీద చెయ్యి పెడితే అలలు అలలుగా తగులుతోంది, 50 దాటితే గుయ్యిమని మోత. కుడివైపు ఎక్కువ అరిగింది కూడా.
— పెందుర్తి

జవాబు: కుడివైపు కొంచెం ఎక్కువ అరగడం మన దేశంలో సహజం. ఎడమవైపు నడుపుతాం కాబట్టి కుడి మలుపులు పెద్దవిగా, ఎక్కువ దూరం వంగేవిగా ఉంటాయి. రోడ్డు కూడా మధ్యలో ఎత్తుగా ఉండి ఎడమకు వాలుతుంది.

అలల సంగతి వేరు. బ్రేకు వేసిన ప్రతిసారీ ముందు టైరు బటన్ల ఒక అంచు ఎక్కువ రాసుకుంటుంది కాబట్టి కొద్దిపాటి గరుకు అన్ని బండ్లకూ ఉంటుంది. చేతికి మెట్లు మెట్లుగా తగిలి మోత వస్తోందంటే చక్రం రోడ్డు మీద సరిగ్గా నిలబడక ఎగురుతోందని. గాలి తక్కువ ఉండటం మొదటి కారణం. అది సరిగ్గానే ఉంటే సెంటర్ స్టాండు వేసి, ఎవరితోనైనా బండి వెనక భాగం నొక్కించి ముందు చక్రం పైకి లేపండి. ఫోర్కుల కింది కొనలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్ టక్ మంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులైంది. చక్రాన్ని అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ ఊపినప్పుడు ఆడితే చక్రం బేరింగులు పోయాయి. ఫోర్కు గొట్టాల మీద నూనె చారలుంటే ఆయిల్ సీళ్లు పోయాయి. వీటిని బాగు చేయించకుండా కొత్త టైరు వేస్తే కొన్ని వేల కిలోమీటర్లకే అదీ అలాగే తయారవుతుంది. ఇప్పటికే అలలు కట్టిన టైరు మళ్లీ చదును కాదు. మోత భరించలేకపోతే మార్చుకోవడమే.

ప్రశ్న: స్ప్లెండర్‌కి వెనక 80/100-18 ఉంది. 100/90-18 వేస్తే గ్రిప్పు పెరుగుతుందా?
— కంచరపాలెం

జవాబు: పెరగదు, తగ్గే అవకాశమే ఎక్కువ. 100 మి.మీ. వెడల్పు టైరుకు 2.15 నుంచి 2.75 అంగుళాల రిమ్ కావాలి. మీ రిమ్ అంతకంటే సన్నం, దాని మీద పోతపోసిన అంకె చూడండి. సన్నటి రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోయి నడుము పైకి ఉబ్బుతుంది. రోడ్డుకు తగిలేది ఆ సన్నటి నడుమే. మధ్యలో త్వరగా అరుగుతుంది, మలుపులో బండి ఒక్కసారిగా పడినట్టు వంగుతుంది. వ్యాసం కూడా 617 నుంచి 637 మి.మీ.కి పెరిగి పికప్ తగ్గుతుంది, చైన్ కవరుకో మడ్‌గార్డుకో రాసుకునే ప్రమాదమూ ఉంది. అదే 80/100-18లో మంచి కాంపౌండ్ టైరు వేయించండి, మీరు కోరుకునే గ్రిప్పు దాంతోనే వస్తుంది.

ప్రశ్న: నైట్రోజన్ గాలి అవసరమా? టైరుకు పాలిష్ కొట్టొచ్చా? ట్యూబ్‌లెస్ టైరు పక్కన మేకు దిగితే స్ట్రిప్ పెట్టొచ్చా?
— మధురవాడ

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఊరికే పోస్తే పోయించుకోండి, డబ్బిచ్చి అక్కర్లేదు. పాలిష్ నేలకు తగిలే చోటుకి, అంచు బటన్లకి అసలు వద్దు, తర్వాతి మలుపులోనే కింద పడతారు. చైన్‌కు కొట్టే స్ప్రే టైరు మీద పడినా అంతే ప్రమాదం, గిన్నెలు తోమే సబ్బుతో వెంటనే కడగండి. పక్క గోడలో దిగిన మేకుకు స్ట్రిప్ పనికిరాదు, టైరు మార్చాలి. నేలకు తగిలే భాగంలో 6 మి.మీ. లోపు కన్నమైతేనే రిపేరు.

ప్రశ్న: రేపు రెండు టైర్లూ మారుస్తున్నాం, ఆదివారం సింహాచలం కొండెక్కాలి. షాపులో ఏం చూసుకోవాలి?
— అక్కయ్యపాలెం

జవాబు: టైరు పక్కనున్న బాణం చక్రం ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. కొన్ని టైర్లలో ముందు చక్రానికి ఒక బాణం, వెనక చక్రానికి ఇంకో బాణం ఉంటాయి, తికమక పడకండి. పసుపు చుక్క ఉంటే అది వాల్వుకు ఎదురుగా రావాలి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు వాడమనండి, గ్రీజు వద్దు. ట్యూబు టైరైతే కొత్త ట్యూబు వేయించండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. గాలి నింపాక రిమ్ అంచు వెంట టైరు మీద కనిపించే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందా చూడండి. ఒకచోట లోపలికి దిగి ఉంటే గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. వెనక చక్రం బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ మీది గుర్తులు రెండువైపులా ఒకే గీత దగ్గర ఉండాలి, లేకపోతే కొత్త టైరు మొదటి రోజు నుంచే ఒక పక్క తింటుంది. చైన్ సడలింపు చాలా బండ్లకు 20 నుంచి 30 మి.మీ.

కొత్త టైరు పైపొర అచ్చులోంచి వచ్చినప్పటి నునుపుతోనే ఉంటుంది. మొదటి 150 కి.మీ. వరకు గట్టి బ్రేకులు వద్దు, ఎక్కువ వంచడం వద్దు. రేపటి నుంచి ఆదివారం దాకా ఊళ్లో మామూలుగా తిప్పి, వంపు కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. అంచు దాకా మెరుపు పోయి మసకబారిందంటే టైరు సిద్ధమైనట్టే. ఆదివారానికి అంత దూరం తిరగకపోతే కొండ మలుపుల్లో రెండో గేరులో నెమ్మదిగా ఎక్కండి. దిగేటప్పుడు కూడా అదే గేరులో ఉంచి, వేగాన్ని ఇంజనుతోనే ఆపుకోండి.